చల్లిన చెయ్యి

కెంచార్లహళ్ళి,
12 సెప్టెంబరు 1957

అన్నకు,

ఇక్కడ అందరం బాగున్నామని ముందే రాసేస్తున్నాను. లేకపోతే నువ్వు ఉత్తరం సగంలో ఆపి బస్సెక్కేస్తావు. రాగులు ఏపుగా ఉన్నాయి. ఎర్రావు ఈనింది. నాకు మాత్రం ఊపిరాడటం లేదు.

నీతో పని పడింది. మందు కావాలి. మనిషికి కాదు, మామిడి చెట్లకు. మామ తన చేత్తో నాటిన అరవై చెట్లు నీకు తెలుసు కదా, పెళ్ళి మాటలకు వచ్చినప్పుడు వాటి నీడలోనే కూర్చున్నావు. నాలుగేళ్ళుగా పూత విరగబూస్తుంది, పిందె మాత్రం నిలవదు. జిగి అంటారు ఇక్కడ. వడ్లగింజలో సగం లేని పురుగు, గుంపులు గుంపులుగా పూతకు పట్టి రసం పీల్చేస్తుంది. ఆకుల మీద జిగట కారి, కింద నడిస్తే కాళ్ళకు అంటుకుంటుంది. పోయిన ఏడు అరవై చెట్లకూ కలిపి మూడు గంపల కాయలు కూడా రాలేదు. చెట్లు కొట్టించి బొగ్గుల వాళ్ళకు ఇచ్చేస్తానని మామ రోజూ అంటాడు, రోజూ పోయి వాటి మొదళ్ళు తడిమి వస్తాడు.

మామిడి కాస్తే నీకేం, కాయకపోతే నీకేం అంటావు. బాగేపల్లిలో నాతో మిడిల్ స్కూలు పాసైన లక్ష్మీదేవమ్మ కోలారులో టీచర్ల ట్రైనింగు ముగించి ఇప్పుడు గూళూరు శాలెలో పాఠాలు చెప్తోందట. అది విన్నప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు. పెళ్ళై ఆరేళ్ళు. బిడ్డ లేదు. పొయ్యి దగ్గర నుంచి బావికి, బావి దగ్గర నుంచి పొయ్యికి, అంతే నా దేశం. ఆరేళ్ళలో ఊరు దాటింది ఒకేసారి, బిడ్డ కోసం మొక్కుకోవడానికి మురుగమల్ల దర్గాకు తీసుకుపోయినప్పుడు. బండిలో దారంతా కళ్ళు పెద్దవి చేసుకుని చూశాను. అవీ చెట్లూ చేలే. కానీ మా ఇంటివి కావు.

మొన్న ధైర్యం చేసి, నన్నూ ట్రైనింగుకు పంపమని మీ బావను అడిగాను. ఆయన చెడ్డవాడు కాడు, గోడ మీద పిల్లి. "నాయన పానమంతా తోట మిందనే ఉండాది. తోట కాసిందంటే నేనే అడిగి నిన్ను ట్రైనింగుకు పంపిస్తా. ఈ మాట తప్పను" అన్నాడు. మామ అక్కడే తాడు పేనుకుంటూ విన్నాడు. కాదనలేదు. ఇరవై ఐదేళ్ళు నిండితే ట్రైనింగులో చేర్చుకోరట. నాకు ఇప్పుడు ఇరవై మూడు. 1959 జూన్ ఆఖరుకు అర్జీ పెట్టకపోతే ఇక ఈ జన్మకు పొయ్యీ బావే.

నువ్వు సర్కారు తోటల ఇలాఖెలో పనిచేస్తున్నావు. ఉపాయం చెప్పు. తెలుగులోనే రాయి. ఈ ఇంట్లో అందరూ మాట్లాడేది తెలుగే, కానీ చదివింది కన్నడ శాలెలో. తెలుగు అక్షరం ఒక్కరికీ రాదు. నాన్న మనకు ఇసుకలో దిద్దించిన అక్షరాలే నాకు తలుపూ గడియా.

చెల్లెలు,
అక్కయమ్మ


చిక్కబళ్ళాపురం,
3 అక్టోబరు 1957

అక్కయమ్మకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడోసారి నా భార్య చదివించుకుని వింది. "చెట్లకు మందు అడిగిందా, తనకు మందు అడిగిందా?" అంది. ఆమె మాటలు కొన్నిసార్లు సూటిగా తగులుతాయి.

మా ఆఫీసులో ఇప్పుడు అందరూ డీడీటీ పొడిని విభూతి చూసినట్టు చూస్తున్నారు. నేను మాత్రం నీకు అది వద్దంటాను. పొడి చల్లితే జిగి చస్తుంది, జిగిని తినేవి కూడా చస్తాయి, ఆపైన ముందు తిరిగి వచ్చేది జిగే. ఇక్కడ నలభై ఏళ్ళుగా జామతోట చూస్తున్న రామప్ప అని ముసలాయన ఉన్నాడు. ఆయన పద్ధతి వేరు. "పురుగును చంపేది మనిషి పని కాదప్పా, పురుగు పని. మనం దానికి అన్నం పెట్టాల, అంతే" అంటాడు.

ఆ అన్నం ఏమిటంటే పూల తేనె. చీమంత కందిరీగలు ఉంటాయి, చూసినా చూడనట్టే పోతాయి. అవి జిగి గుడ్లలో తమ గుడ్లు పెట్టి దాని వంశం ఆపుతాయి. అక్షింతల పురుగులు జిగి పిల్లలను తింటాయి. తేనెటీగలా చారలుండి కుట్టని ఈగ ఒకటుంది, గాలిలో ఒకేచోట నిలబడుతుంది. మామిడి పూతలో పుప్పొడి అటూ ఇటూ మార్చేది ఎక్కువగా అదే. వీటన్నిటికీ నోళ్ళు చిన్నవి. పెద్ద పూలలో తేనె వాటికి అందదు. కొత్తిమీర, సోయికూర అనే మన సబ్బసిగ, ఆవాలు, వెర్రినువ్వులు, ఇలాంటి చిన్న పూలైతే కూర్చుని తాగుతాయి.

రాగిచేనిలో మనం అనపలూ ఆవాలూ నడుమ సాళ్ళుగా వేస్తామే, అలాగే మామిడి వరుసల నడుమ వీటిని వెయ్యి. ఒకేసారి కాదు. నవంబరు మొదట ఒక విడత, ఇరవై రోజులకు ఒకటి, మళ్ళీ ఇరవై రోజులకు ఒకటి. అప్పుడు మామిడి పూత విప్పే వేళకు ఏదో ఒక సాలు పూసే ఉంటుంది. ఒక్క నియమం: ఆకు కోయకూడదు. పూయనివ్వాలి. కొత్తిమీర దగ్గర ఈ నియమం నిలబెట్టడం ఎంత కష్టమో నీకే తెలుస్తుంది.

విత్తనాలు బస్సు డ్రైవరు చేతికి ఇచ్చి పంపుతున్నాను. మీ ఇంట్లో వాళ్ళకు చూపించడానికి కన్నడ కరపత్రం కూడా పెట్టాను. ధైర్యంగా ఉండు.

అన్న,
సుబ్బరాయప్ప


కెంచార్లహళ్ళి,
9 ఫిబ్రవరి 1958

అన్నకు,

ముందు నీ కరపత్రం సంగతి. మీ బావ గంభీరంగా చదివాడు. "తోటలో కణజ ఉంటే మేలు" అని అందులో ఉంది. కన్నడంలో కందిరీగనూ కణజమే అంటారు, గాదెనూ కణజమే అంటారు. రెండు రోజులు ఆలోచించి, "గాదె యాడ కట్టాల? బావి పక్కన అయితే తేమ పడతాది కదా" అని నన్నడిగాడు. నేను చాలా రోజుల తర్వాత నవ్వాను.

మూడు విడతలూ నేనే చల్లాను. ఎద్దులు బావి మీద కపిలె లాగితే మామిడికి పారే నీళ్ళలోనే ఆ సాళ్ళకూ ఒక పాయ మళ్ళించాను. "మామిడితోపులో కొత్తిమీర! చారు పెట్టేకా?" అని మామ అన్నాడు. ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ సరిగ్గా అప్పుడే చట్నీ గుర్తొచ్చింది. ఒక్కొక్కరూ కొంగు పట్టుకుని రావడం, నేను కర్ర పట్టుకుని నిలబడటం. గయ్యాళి అన్న పేరు వచ్చింది. రానీ.

కాపలా పేరు చెప్పి పగలంతా తోటలో ఉండనిస్తున్నారు. తోట కంచె దాటకూడదనుకో. అయినా ఇది ఇల్లు కాదు. సబ్బసిగ పసుపుపచ్చగా పూసింది, కొత్తిమీర తెల్లగా. నువ్వు చెప్పిన చారల ఈగ నా ముక్కు ముందే గాలిలో నిలబడి నన్ను తనిఖీ చేసి పోయింది. చిన్న కందిరీగలను చూడటానికి నేలకు తల ఆనించి పడుకోవాలి. మామిడి పూత నిండా ఈగల చప్పుడు. జిగి ఉంది, కానీ పోయిన ఏటిలా ఆకులు మెరవడం లేదు.

నాతో పాటు చౌడమ్మ వదిన కూడా వచ్చి కూర్చుంటుంది. మీ బావకు అక్క. భర్త పోయి పదేళ్ళయింది, అప్పటి నుంచి ఇక్కడే. ముప్పై ఐదు కూడా నిండలేదు. ఇంట్లో అడ్డమైన చాకిరీ అంతా ఆమెదే, కానీ విత్తనం మాత్రం ముట్టకూడదు. చాటలో విత్తనాలు ఆరబోసి ఉంటే చుట్టూ తిరిగి పోతుంది. ఆమె నీడ పడితే మొలక రాదని మామ నమ్మకం. కన్నకూతురే. మొన్న నా సాళ్ళ దగ్గర కూడా అలాగే దూరంగా నిలబడి, "రానా అమ్మీ?" అని అడిగి మరీ వచ్చింది. నాకు ఒళ్ళు మండింది, ఆమె మీద కాదు.

పిందె కట్టాక రాస్తాను.

అక్కయమ్మ


కెంచార్లహళ్ళి,
16 జూన్ 1958

అన్నకు,

పదకొండు బండ్లు. అరవై చెట్లకు పదకొండు బండ్ల కాయ. బాదామి మామిడి పండ్లు ఇంట్లో కాలు పెట్టే చోటు లేకుండా ఉన్నాయి. ఈ ముక్క రాయడానికి నేను ఎగిరి గంతులేయాలి. మూడు రోజులుగా వెక్కి వెక్కి ఏడుస్తున్నాను.

మొదటి బండి కట్టిన రోజు ఊళ్ళో పెద్దలంతా వచ్చారు. మామ అందరి ముందూ నా కుడిచెయ్యి పట్టుకుని పైకెత్తి చూపించాడు. "ఇది చెయ్యి కాదప్పా, లక్ష్మి. నాలుగేండ్లు కాయని తోట ఈయమ్మ చల్లితే కాసింది. చేతి గుణం అంటే ఇదీ!" అన్నాడు. నేను మీ బావ వైపు చూశాను. ఆయన కాస్త ముందుకొచ్చి, "నాయనా, ట్రైనింగు మాట..." అన్నాడు. మామ నవ్వాడు. "ఇట్లాంటి చెయ్యిని ఎవురైనా ఊరు దాటిస్తారా? చెయ్యి పోతే తోట పోతాది" అన్నాడు. మీ బావ తన కాలి వేళ్ళు చూసుకున్నాడు.

తోట కాయకపోతే పంపరు. కాస్తే అసలే పంపరు. నా గొయ్యి నేనే పాదు చేసి, నీళ్ళు పెట్టి తవ్వుకున్నాను.

ఇప్పుడు ఊళ్ళో వాళ్ళు విత్తనాలు తెచ్చి నా చేత ముట్టించుకుని పోతున్నారు. చెయ్యి కందుతుందని అంట్లు కూడా తోమనివ్వడం లేదు, ఆ పని కూడా వదినకే. నా చేతిని బాగా చూసుకుంటున్నారు. దాన్ని పట్టుకుని ఉన్న మనిషిని మాత్రం ఎవరూ చూడటం లేదు. పూలని చెప్పాను, పురుగులని చెప్పాను, ఎవరు చల్లినా ఇంతే అని చెప్పాను. మంచి చెయ్యి ఉన్నవాళ్ళు గొప్ప చెప్పుకోరని మెచ్చుకున్నారు.

నువ్వు రా. ఇలాఖె మనిషి చెప్తే మామ వింటాడు. చేతిలో ఏమీ లేదని ఒక్క మాట చెప్పి పో. ఇంకో ఏడాదే ఉంది.

అక్కయమ్మ


చిక్కబళ్ళాపురం,
11 జూలై 1958

అక్కయమ్మకు,

పదకొండు బండ్ల సంగతి రామప్పకు చెప్తే ఆయన తలపాగా తీసి మళ్ళీ చుట్టుకున్నాడు. నీ పేరు అడిగి తెలుసుకున్నాడు. నాకెంత గర్వంగా ఉందో.

రావాలనే ఉంది. ఇక్కడ అంటు మొక్కల పంపకం నడుస్తోంది, సెలవు దొరకదు. తర్వాత దసరా వస్తుంది. పెద్దవాళ్ళ నమ్మకాలు ఒక్కసారిగా పోవు, నిదానంగా పోవాలి. నిన్ను బాగా చూసుకుంటున్నారంటున్నావు కదా, అదీ మంచిదే. ఇంకో కాపు చూడనీ వాళ్ళను. తొందరపడితే పని చెడుతుంది.

ఒంట్లో జాగ్రత్త. ఈసారి విత్తనాలు ఎక్కువ పంపుతాను.

సుబ్బరాయప్ప


కెంచార్లహళ్ళి,
4 సెప్టెంబరు 1958

సుబ్బరాయప్పగారికి,

గూట్లో పంచాంగం దులుపుతుంటే అందులోంచి ఒక కార్డు పడింది. కన్నడంలో ఉంది. జూన్ ఇరవై ఐదో తేదీ వేసి ఉంది. నీ అక్షరం నాకు తెలియదా?

"మీరు అడిగినదానికి జవాబు. విత్తనం గుణం కాదు. నా చెల్లెలి కైగుణమే. చిన్నప్పటి నుంచి ఆమె చెయ్యి అలాంటిది. సంబంధం మాట్లాడేటప్పుడే ఈ సంగతి మీకు చెప్పి ఉన్నాను."

అంటే నేను నిన్ను రమ్మని బతిమాలేటప్పటికి నువ్వు ఈ కార్డు ఇంకా రాయలేదు. నా ఉత్తరం చదివాకే రాశావు. చదివి, రాసి, ఆ తర్వాత నాకు అంటు మొక్కల కథ చెప్పావు.

ఎందుకో ఒక్కటి చెప్పు. తెలుగులో చెప్పు, కన్నడంలో చెప్పు, నీ ఇష్టం. విత్తనాలు పంపనక్కర్లేదు.

అక్కయమ్మ


చిక్కబళ్ళాపురం,
15 సెప్టెంబరు 1958

చెల్లీ,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపాను.

పెళ్ళి మాటలప్పుడు మీ మామ బైరప్ప ఊగిసలాడుతున్నాడు. తల్లీ తండ్రీ లేని పిల్ల అన్న వెలితి ఆయన మాటల్లో కనిపించింది. అప్పుడు నేను, మా చెల్లి చెయ్యి మంచిది, ఏది నాటినా బతుకుతుంది అన్నాను. సంబంధాల దగ్గర అందరూ అనే మాటే. ఆయన దాన్ని ముడి వేసుకుని పెట్టుకుంటాడని నాకేం తెలుసు?

జూన్‌లో నాకు కార్డు రాయించాడు. "విత్తనం గుణమా, చేతి గుణమా? విత్తనం గుణమే అయితే చెప్పు, అమ్మాయిని పంపేస్తాం." ఆ పంపేస్తాం దగ్గర నా కన్ను ఆగిపోయింది. చదువుకు పంపేస్తామనా, మొత్తానికే పంపేస్తామనా? ఆరేళ్ళు దాటినా బిడ్డ లేదు. మీ ఆయన మునినారాయణకు చింతామణి వైపు ఇంకో పిల్లను చూస్తున్నారని బస్సులో ఒకాయన నా చెవిన వేశాడు. చేతి గుణం ఉందన్నంత కాలం నిన్ను ఎవరూ గడప దాటించరు అనుకున్నాను. అదే రాసేశాను.

ఇంకోటి కూడా ఉంది, అదీ చెప్తాను. నువ్వు తిరిగివస్తే ఈ ఒంటిగది ఇంట్లో ఎక్కడ పెట్టాలి అన్న ఆలోచన కూడా వచ్చింది. ఒక్క నిమిషమే వచ్చింది, కానీ వచ్చింది.

నిన్ను కాపాడుతున్నాననుకుని బయట గొళ్ళెం పెట్టాను. ఇప్పుడు నేను వచ్చి మాట మారిస్తే, చెల్లెలు ఏడిస్తే అన్న అబద్ధం ఆడుతున్నాడు అంటారు. ఏం చెయ్యమంటావో చెప్పు. ఏది చెప్తే అది చేస్తాను.

సుబ్బరాయప్ప


కెంచార్లహళ్ళి,
10 నవంబరు 1958

అన్నా,

నీ భయం నాకు అర్థమైంది. నిన్ను క్షమించలేదు. అవి రెండూ వేరు వేరు. పంపేస్తాం అంటే ఏమని ఆయన ఉద్దేశమో నాకూ తెలియదు. మీ బావను అడిగితే, "ఎవురో ఏదో అంటాంటారు" అన్నాడు, కాదని మాత్రం అనలేదు. పంపేస్తే ట్రైనింగులో హాస్టలు ఉంది, నీ గదికి రానులే.

నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే. నోరు మూసుకోవడం. ఎందుకంటే ఈ ఏడు విత్తనం చల్లింది నేను కాదు.

నిన్న ఆదివారం సంతకు మామా, మీ బావా చింతామణి పోయారు. చాటలో విత్తనాలు పోసి చౌడమ్మ వదిన చేతికి ఇచ్చాను. వేడి పెనం ఇచ్చినట్టు వెనక్కి తగ్గింది.

"వద్దమ్మీ. నా చెయ్యి తగిలితే మొలకే రాదు. నాయన చూస్తే నరికేస్తాడు."

"నీ చేత్తో వండిన ముద్ద అందరూ తింటాండారు కదా వదినా. విత్తనం యాల మొలవదు?"

"వండేది వేరే. అది సచ్చిన గింజ" అంది.

 నేను ఏదీ దాచకుండా మొత్తం చెప్పాను. నువ్వు రాసిన కార్డు, నా గడువు, పూలు, పురుగులు, అన్నీ. ఎవరు చల్లినా కాస్తుందని చూపిస్తేనే నాకు దారి అన్నాను. కాయ దిగాక అందరి ముందూ నీ పేరు చెప్తాను, నీకిష్టం లేకపోతే ఇప్పుడే వద్దని చెప్పు, అన్నాను.  ఆమె చాట చంకన పెట్టుకుని లేచింది.

మొదటి సాలులో కూరలో ఉప్పు వేసినట్టు చిటికెలతో వేసింది. మూడో సాలుకు నడుము నిటారుగా అయింది, చెయ్యి బారు సాగింది. మొగుడి ఊళ్ళో వాళ్ళ చేలన్నీ ఆమే విత్తేదట. నేను మామిడి మొదట్లో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఒక్క గింజ ముట్టలేదు. తక్కిన రెండు విడతలూ ఆమే చల్లుతుంది. ఇంట్లో వాళ్ళ లెక్కలో మాత్రం చల్లింది నేనే.

అర్జీ కాగితం సంపాదించి పంపు.

అక్కయమ్మ


చిక్కబళ్ళాపురం,
2 డిసెంబరు 1958

చెల్లీ,

అర్జీ కాగితం ఇందులో ఉంది. వయసు దగ్గర తేదీ సరిగ్గా రాయి. జూన్ ముప్పై లోపల కోలారు ఆఫీసులో ముట్టాలి.

నాకు భయంగా ఉంది. కాయకపోతే ఆ మనిషి గతి ఏమిటి? ఈ మాట రాసి కొట్టెయ్యబోయాను. ఉండనీ. కన్నడంలో నేనిక ఎవరికీ ఏమీ రాయను.

సుబ్బరాయప్ప


కెంచార్లహళ్ళి,
21 ఫిబ్రవరి 1959

అన్నా,

పదిహేను రోజులు నేను ఉత్తరం రాసే స్థితిలో లేను.

పూత బాగానే మొదలైంది. ఇంతలో మబ్బు పట్టింది. ఐదు రోజులు ఎండ లేదు, ఈగ లేదు, కందిరీగ లేదు. జిగి మాత్రం వచ్చింది. తూర్పు వరుసలో ఆకులు మెరవడం మొదలైంది. నా కాళ్ళకు మళ్ళీ ఆ జిగట అంటుకుంది. వదిన చెట్టు కిందే కూలబడిపోయింది.

"చెప్తిని కదమ్మీ. నా చెయ్యే. నాయన కాళ్ళ మీద పడి చెప్పేస్తా" అని లేచింది. నేను ఆమె కొంగు పట్టుకుని ఆపాను. నాలుగు రోజులు ఆగమన్నాను. పోతే తోట పోతుంది, తప్పు నాదేనంటానన్నాను. అన్నాను గానీ, ఆ రోజుల్లో నాకూ ఒక పాడు ఆలోచన వచ్చింది. నిజంగానే ఆమె చెయ్యేనేమో అని. నీతో కాక ఎవరితో చెప్పుకోను? పూలూ పురుగులూ అని ఇన్ని ఉత్తరాలు రాసినదాన్ని, మబ్బు పట్టగానే మామకూ నాకూ తేడా లేకపోయింది.

మామ చింతామణి నుంచి డీడీటీ డబ్బా తెచ్చి వసారాలో పెట్టాడు. "ఈయమ్మ చెయ్యి ఈ ఏడు అలిసిపోయిండాది" అన్నాడు. ఎవరూ దాన్ని ముట్టకుండా నేను ఆ డబ్బా పక్కనే కూర్చుని వడ్లు చెరిగాను. పొడి చల్లితే కాయ రెండు బండ్లో మూడో రావచ్చు, ఎవరి చేతి మాటా తేలదు. ఆరో రోజు ఎండ కాసింది. ఆవాల సాలు, సబ్బసిగ సాలు పూసి ఎదురుచూస్తున్నాయి కదా, గంటలో తోట గుయ్యిమంది. మెరుస్తున్న ఆకుల మీద అక్షింతల పురుగులు బారులు తీరాయి. వదిన ఒక్కో కొమ్మ దగ్గరా నిలబడి వాటిని లెక్కపెట్టింది. నలభై దాకా వచ్చి లెక్క తప్పి, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. మామ ఇక డబ్బా మూత తియ్యలేదు.

తూర్పు వరుస కొంత పోయింది. తక్కినదంతా పిందె కట్టింది.

అక్కయమ్మ


చింతామణి, బస్ స్టాండు,
18 జూన్ 1959

అన్నా,

ట్రంకుపెట్టె మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే తిట్టుకోకు. మీ బావ కోలారు బస్సు ఎప్పుడో కనుక్కోవడానికి పోయాడు. అర్జీ నా పైటకు పిన్ను పెట్టి ఉంది.

తొమ్మిది బండ్లు కాసింది. పోయినసారిలాగే పెద్దలు వచ్చారు. మామ ఇంకో నలభై మామిడి మొక్కలు తెప్పించి వరుసగా పెట్టాడు, నా చేత నాటించడానికి. తాంబూలం పట్టుకుని నన్ను పిలిచాడు. నేను చెయ్యి చాపలేదు. "మామా, ఈ చేత్తో ఈ ఏడు ఒగ గింజ కూడా చల్లలేదు. మూడు విడతలూ వదిన చల్లింది" అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు, అందుకే మళ్ళీ చెప్పాను.

 మామ మెల్లగా తిరిగి, "ఏమ్మా చౌడీ, నిజమా?" అన్నాడు. వదిన చేతులు వెనక్కి దాచుకుంది. "నిజమే నాయనా" అంది. కొడతాడనుకుని నేను అడ్డం పోయాను. అందరికీ వినబడేలా చెప్పాను, అన్నా. కందిరీగ, అక్షింతల పురుగు, చారల ఈగ, పూలు ఉంటే ఎవరు చల్లినా ఒకటే, ఏ చేతిలోనూ ఏమీ లేదు. నువ్వు వింటే మెచ్చుకునేవాడివి. వాళ్ళు మాత్రం వినలేదు. మామ వదిన చేతులు వెనక నుంచి లాక్కుని, వెల్లకిలా తిప్పి చూస్తున్నాడు. "పదకొండేండ్లు ఈ చేతుల్ని ఊరికే పెట్టుకుంటిని కదప్పా" అన్నాడు. తాంబూలం ఆమె చేతుల్లో పెట్టాడు. భర్త పోయిన ఆడమనిషికి తాంబూలమా అని ఒక్కరూ అనలేదు. ఎదురుగా తొమ్మిది బండ్లు ఉన్నాయి మరి.

చేతి గుణం అనేదే లేదని చూపిద్దామనుకున్నాను. వాళ్ళు చూసింది చెయ్యి మారిందని, అంతే.

నాతో, "నువ్వు పోయేదుంటే పోయిరా తల్లీ" అన్నాడు మామ. ఎంత తేలిగ్గా అన్నాడో. రెండేళ్ళు నేను ఈ మాట కోసమే చచ్చాను కదా. ఆ సాయంత్రం అంట్ల గంప మళ్ళీ నా ముందుకు వచ్చింది. నాకు నవ్వొచ్చింది, కొంచెం బాధ కూడా వేసింది. దాచడమెందుకు? మీ బావ మాత్రం, "సెలవులకు వస్తావు కదా?" అని రెండుసార్లు అడిగాడు. వస్తానన్నాను. వచ్చేసరికి ఇంట్లో ఎవరుంటారో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

మర్నాటి నుంచి ఊరి వాళ్ళు విత్తనాలు వదిన దగ్గరికి తెస్తున్నారు. మొన్న ఆమె, మొగుడి ఊళ్ళో ఆడపడుచు కూతురి పెళ్ళికి రెండు రోజులు పోయి వస్తానని అడిగింది. "తోట విడిచి యాడికి పోతాండావు? వద్దు" అన్నాడు మామ.  ఆమె వంటింట్లోకి వచ్చి కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది. "చూస్తివా అమ్మీ, నన్ను పోవద్దంటాడు! ఇన్నేండ్లూ నేను యాడికి పోయినా, పోయినానని కూడా ఎవురికీ తెలిసేది కాదు" అంది. నేను దేన్ని తప్పించుకోవడానికి పన్నాగం పన్నానో, దాన్ని ఆమె పండగలా ఒంటికి చుట్టుకుంది. 

ఈ పొద్దున బస్సు ఆగే చోటి దాకా నా పెట్టె నెత్తిన పెట్టుకుని వచ్చింది. మామను అడిగే వచ్చింది. నేను దారంతా ఊదరగొట్టాను: విడతకూ విడతకూ ఇరవై రోజులు, సబ్బసిగ ఆకు కోయనియ్యొద్దు, డబ్బా మూత తియ్యనియ్యొద్దు, మబ్బు పడితే ఆగాలి. ఆమె అన్నిటికీ తల ఊపింది. దుమ్ము లేపుకుంటూ బస్సు వస్తుంటే పెట్టె దించి, నా చెయ్యి పట్టుకుంది.

"అవన్నీ చేస్తానమ్మీ. అన్నీ చేసినా ఒగేడు కాయకపోతే?" అని అడిగింది.

కండక్టరు పెట్టె లోపలికి లాగాడు. నేను ఎక్కాను.

అక్కయమ్మ